గడ్డి ఒకటే, రూకలు వేరు

మా తిరువూరు నుంచి భద్రాచలం రోడ్డు పట్టుకొని కాస్త ముందుకు సాగితే రాష్ట్రం మారిపోతుంది. బస్సులో కునుకు తీస్తున్న ప్రయాణికుడికి ఆ సంగతి తెలియనే తెలియదు. కిటికీలోంచి కనిపించే మామిడి తోటలు అవే, జామాయిల్ చెట్ల వరుసలు అవే. దూరాన గట్ల మీద మోదుగ, తునికి, చండ్ర కలగలిసి పెరిగిన ఆ చిక్కిపోయిన అడవి కూడా అదే. మారేదల్లా దారి పక్కన స్వాగతం పలికే బోర్డు ఒక్కటే.

ఆ బోర్డు 2014 నాటిది. హద్దు మాత్రం కొత్తది కాదు. ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ చేతిలోకి పోయిన పద్దెనిమిదో శతాబ్దం నుంచి ఇంచుమించు అక్కడే ఉంది. ఇటు మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లా, అటు నైజాం రాజ్యం. 1956లో ఆ గీత చెరిగిపోయింది. 2014లో మళ్ళీ తేలింది. 2022లో మా ఊరు కృష్ణా జిల్లా వదిలి ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. ఇన్ని మార్పుల్లో కదలకుండా ఉన్నది గట్టు ఒక్కటే.

ఆ గట్టు గురించి మా తాతగారు ఒక కథ చెప్పేవారు. 1940ల మాట. ఆయన ఎడ్ల జత మేస్తూ మేస్తూ హద్దురాయి దాటి నైజాం అడవిలోకి పోయింది. అక్కడి కాపలావాళ్ళు పట్టుకొని బందెలదొడ్డిలో పెట్టారు. విడిపించుకోవడానికి తాతగారు రొంటిన నాలుగు రూపాయలు దోపుకొని బయలుదేరారు. తీరా అక్కడికి వెళ్ళాక, "ఇవి కల్దార్లు, ఇక్కడ చెల్లవు, హాలీ రూపాయలు తీసుకురా" అన్నాడట గుమాస్తా. అప్పట్లో నైజాం నాణెం వేరు, ఇంగ్లీషువాళ్ళ నాణెం వేరు. నూరు కల్దార్లకు నూట పదహారు హాలీలు పైచిలుకు వచ్చేవి. ఆ లెక్క తేల్చి మార్చి ఇచ్చే కోమటి దుకాణం వెతుక్కొని, మర్నాడు మళ్ళీ వెళ్ళి ఎడ్లను తోలుకొచ్చారు. కథ ముగిస్తూ ప్రతిసారీ ఒకే మాట అనేవారు: "గడ్డి ఒకటేరా, రూకలే వేరు."

చిన్నతనంలో అది నవ్వుకోవడానికి పనికొచ్చే కథ. పెద్దయ్యాక అడవుల చరిత్ర చదువుతుంటే, మొత్తం విషయమంతా ఆ నాలుగు మాటల్లోనే ఉన్నదని నాకు అనిపించసాగింది. ఒకే అడవి రెండు మూడు ప్రభుత్వాల కింద పరుచుకొని ఉన్నప్పుడు దాన్ని ఎవరు చూసుకోవాలి? ఆ ఖర్చు ఎవరు భరించాలి? ఈ ప్రశ్నకు యూరప్ దేశాలు ఇప్పటికీ కుస్తీ పడుతున్నాయి. మా గట్టు కూడా పడుతోంది. పైగా ఆ రెండింటికీ నడుమ ఒక పాత చుట్టరికం ఉంది. ఈ టపాలో చెప్పదలచుకున్నది దాని గురించే.

ఆ చుట్టరికం గనుల దగ్గర మొదలైంది. జర్మనీలోని సాక్సనీలో, ఫ్రైబెర్గ్ పట్టణంలో, హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్జ్ అనే ఆయన వెండి గనుల అధికారిగా ఉండేవాడు. గనిలో పైకప్పు కూలకుండా నిలబెట్టడానికి దుంగలు కావాలి, లోహం కరిగించడానికి బొగ్గు కావాలి. రెండూ అడవి నుంచే రావాలి. చుట్టుపక్కల గుట్టలు బోడి అయిపోతుంటే ఆయన 1713లో ఒక గ్రంథం రాశాడు. ఎంత పెరుగుతుందో అంతే నరకాలి, నరికినంత మళ్ళీ పెంచాలి అన్నది దాని సారం. ఇవాళ మనం "సుస్థిరత" అని గంభీరంగా పలికే మాటకు మూలం అక్కడే. అది కవి హృదయంలోంచి పుట్టిన మాట కాదు, కలప కరువైన గనుల లెక్కల్లోంచి పుట్టింది.

ఆ జర్మన్ విద్య మన దేశానికి డీట్రిక్ బ్రాండిస్‌తో వచ్చింది. 1824లో బాన్ పట్టణంలో పుట్టిన ఈ వృక్షశాస్త్రజ్ఞుడు 1856లో బర్మాలోని పెగూ టేకు అడవుల బాధ్యత చేపట్టాడు. 1864లో భారతదేశపు మొట్టమొదటి అడవుల ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. ఆయన తరువాత ఆ కుర్చీలో వరసగా కూర్చున్న ష్లిక్, రిబెన్‌ట్రాప్ కూడా జర్మన్లే. ఇంగ్లండుకు అప్పటికి సొంత అటవీ విద్య లేదు. ఇక్కడికి రాబోయే అధికారులు ఫ్రాన్సులోని నాన్సీలోనో, జర్మనీలోనో చదువుకొని వచ్చేవారు. అంటే అడవుల విషయంలో యూరప్ దేశాల మొదటి ఉమ్మడి ప్రయోగశాల ఒక విధంగా మన గడ్డే అన్నమాట. జర్మన్ శాస్త్రం, ఫ్రెంచి బడి, ఇంగ్లీషు ఖజానా, మన అడవి.

ఖజానా అన్న చోటే చిక్కు వచ్చింది. 1878 నాటి భారత అటవీ చట్టాన్ని మద్రాసు ప్రభుత్వం ఒప్పుకోలేదు. అంతకు ముందే, 1871లో, మద్రాసు రెవెన్యూ బోర్డు ఒక ఆశ్చర్యకరమైన సంగతి రాసిపెట్టింది. ఈ ప్రెసిడెన్సీలో ఏదో ఒక గ్రామం పొలిమేరలో లేని అడవి దాదాపు లేదనీ, మొన్నమొన్నటి దాకా వాటి మీద సర్కారు సొంతదారుగా హక్కు చెప్పుకున్న దాఖలాలు లేవనీ. ఊరివాళ్ళ తరఫున ఒక వలస ప్రభుత్వపు కచేరీ ఇంత స్పష్టంగా మాట్లాడిన సందర్భాలు అరుదు. కాని ఆ మాట నిలవలేదు. బ్రాండిస్ స్వయంగా మద్రాసు వచ్చాడు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. బ్రాండిస్ గ్రామాలకు కూడా సొంత అడవులుండాలని వాదించినవాడే. చట్టం చేతికందిన శాఖకు మాత్రం వేరే కొలబద్ద ఉండేది: ఏడాది చివర ఖర్చు పోను మిగులు ఎంత? అడవి తన పోషణ తానే సంపాదించుకొని, పైన సర్కారుకు కూడా ఇవ్వాలి. ఆ మిగులు కలప నుంచీ వచ్చేది, పుల్లరి నుంచీ వచ్చేది.

పుల్లరి అంటే ఏమిటో మన పెద్దలకు చెప్పనక్కరలేదు. అడవిలో పశువు మేసినందుకు కట్టే పన్ను. నిన్నటిదాకా తాత ముత్తాతలు తోలుకెళ్ళిన చోటికి ఇవాళ రసీదు చూపించి తోలుకెళ్ళాలి. 1921-22లో పల్నాడు భగ్గుమన్నది ఈ రసీదు మీదే. మించాలపాడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకి గుండ్లకు బలయ్యాడు. అదే ఏడు మన్యంలో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు మొదలైంది. దాని వెనకా పోడుకు అడ్డుపడిన అడవి చట్టాల కసి ఉంది. రెంటినీ మనం స్వాతంత్ర్య పోరాట ఘట్టాలుగా చదువుకున్నాం, సబబే. అయితే వాటిని అడవుల ఖర్చు ఎవరు భరించాలన్న తగాదాగా కూడా చదవవచ్చు. గనికి దుంగ, రైలుకు పట్టాల కింది కర్ర, ఖజానాకు మిగులు. వీటన్నిటికీ బదులు చెల్లించింది పల్లెటూరి ఆవు.

గట్టుకు అవతల కథ వేరుగా నడిచినా పోలిక లేకపోలేదు. నైజాం రాజ్యానికి సొంత అటవీ శాఖ ఉండేది, సొంత చట్టాలుండేవి. చివరిది 1355 ఫసలీలో, అంటే 1945-46లో, వచ్చింది. అక్కడా గనులున్నాయి. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైంది, తరువాత కొత్తగూడెం వచ్చింది. గనిలో పైకప్పుకు దుంగ ఊతం కావాలన్న అవసరం ఫ్రైబెర్గ్‌కైనా సింగరేణికైనా ఒకటే. ఆదిలాబాదు అడవుల్లో కొమరం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగింది ఆ రాజ్యపు అడవి చట్టాల మీద పోరాడుతూనే. హద్దురాయికి అటూ ఇటూ ప్రభువులు వేరు, భాషలు వేరు, నాణేలు వేరు. పశువును పట్టే చెయ్యి మాత్రం ఒకే తీరుది.

మా ప్రాంతంలో మరో చిక్కు కూడా ఉండేది. మైలవరం, నూజివీడు వంటి జమీందారీల కింద ఉన్న అడవులు సర్కారువి కావు, జమీందారులవి. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. రేపో మాపో చేజారిపోయే అడవిని ఈలోగా నరికి సొమ్ము చేసుకోవాలన్న తొందర మద్రాసు రాష్ట్రంలో ఎంత ప్రబలిందంటే, దాన్ని అడ్డుకోవడానికే 1949లో ప్రైవేటు అడవుల పరిరక్షణ చట్టం చేయవలసి వచ్చింది. "ఆ రెండేళ్ళలో గొడ్డలి చప్పుడుకు పిట్టలు కూడా నిద్రపోలేదు" అని మా నాయనమ్మ అనేది. చట్టం రాకముందు వచ్చే పుకారు చట్టం కంటె ఎక్కువ చెట్లను కూల్చుతుందన్న పాఠం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

1956లో రెండు తెలుగు నేలలు కలిశాయి. అడవులు కూడా కలిశాయనుకుంటాం. కాదు. పదకొండేళ్ళ పాటు ఒకే రాష్ట్రంలో రెండు అటవీ చట్టాలు నడిచాయి. ఆంధ్ర ప్రాంతానికి 1882 నాటి మద్రాసు చట్టం, తెలంగాణ ప్రాంతానికి 1355 ఫసలీ చట్టం. రెంటినీ రద్దు చేసి ఒక్కటి చేసింది 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం. ఒకే భాష, ఒకే శాసనసభ, ఒకే ముఖ్యమంత్రి ఉండి కూడా రెండు చట్టాలు కలవడానికి పదకొండేళ్ళు పట్టింది. ఇది గుర్తుపెట్టుకొని ఇప్పుడు యూరప్ వైపు చూద్దాం.

యూరప్ దేశాలను ఏకం చేసిన 1957 నాటి రోమ్ ఒడంబడిక వ్యవసాయానికి ఉమ్మడి విధానం ఇచ్చింది. అడవులకు ఇవ్వలేదు. ఆ తరువాతి ఒడంబడికల్లోనూ ఆ మాట చేరలేదు. కారణం సులువుగానే అర్థమవుతుంది. ఫిన్లండ్‌కు అడవి అన్నం పెట్టే తల్లి, నేలలో మూడింట రెండు వంతులకు పైగా అదే. నెదర్లాండ్స్‌కు అడవి అంటే సెలవు రోజు షికారు. పోర్చుగల్‌కు వేసవి వచ్చిందంటే నిప్పు భయం. వీళ్ళందరికీ ఒకే చట్టం ఎలా కుట్టాలి? అందుకని మంత్రులు సమావేశాలు పెట్టుకున్నారు. 1990లో స్ట్రాస్‌బర్గ్‌లో మొదలై, 1993లో హెల్సింకీలో సుస్థిర అటవీ నిర్వహణకు ఒక ఉమ్మడి నిర్వచనం ఒప్పుకున్నారు. 2011లో ఆస్లోలో, అందరినీ కట్టిపడేసే ఒప్పందం రాద్దామని కూర్చున్నారు. ఏళ్ళ తరబడి మాట్లాడుకున్నా అది కుదరలేదు.

చట్టం కుదరలేదు గాని డబ్బు మాత్రం ప్రవహించింది. ఎలాగంటే, వ్యవసాయం పద్దులో. ఉమ్మడి వ్యవసాయ విధానంలోని గ్రామీణాభివృద్ధి నిధి నుంచి చెట్లు నాటడానికి, నిప్పును అడ్డుకోవడానికి, తుఫానుకు కూలిన అడవిని మళ్ళీ లేపడానికి సొమ్ము ఇస్తారు. కొంత బ్రస్సెల్స్ పెడుతుంది, కొంత ఆ దేశం జతచేయాలి. 1999 డిసెంబరులో లోథార్ అనే పెనుతుఫాను ఫ్రాన్సు, జర్మనీ, స్విట్జర్లండ్ అడవులను ఒకే ఊపులో నేలమట్టం చేసింది. కూలిన చెట్లలో బెరడు పురుగు పెరిగి పచ్చగా ఉన్న చెట్లకు పాకుతుంది. ఆ పురుగు ఏ పాస్‌పోర్టూ అడగదు. పక్కవాడి అడవిని పట్టించుకోకపోతే మనదీ పోతుందని యూరప్‌కు నేర్పింది ఒప్పందాలు కాదు, తుఫానులూ పురుగులూ.

మన దేశంలో జరిగింది దీనికి తలకిందులు. మనకు చట్టం ముందు వచ్చింది. 1976లో 42వ సవరణ అడవులను రాష్ట్రాల జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు మార్చింది. 1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చాక, కేంద్రం అనుమతి లేకుండా అటవీ భూమిని ఏ రాష్ట్రమూ ఇంకో పనికి మళ్ళించే వీలు లేకపోయింది. 1988 విధానం అడవిని ఖజానాకు ఆదాయ వనరుగా చూడడం మానాలని చెప్పింది. బ్రాండిస్ కాలం నుంచి సాగిన మిగులు లెక్కకు అది కాగితం మీద స్వస్తి వాక్యం. సరే, అడవి సంపాదించనక్కరలేదు. మరి దాని పోషణ ఎవరిది?

ఇక్కడే ప్రపంచ బ్యాంకు ప్రవేశించింది. 1992లో మన రాష్ట్రం ఉమ్మడి అటవీ యాజమాన్యానికి ఉత్తర్వులిచ్చింది. 1994లో ప్రపంచ బ్యాంకు రుణంతో అటవీ పథకం మొదలైంది. ఊరూరా వన సంరక్షణ సమితులు వెలిశాయి. 2000 నాటికి వాటి సంఖ్య ఆరు వేలు దాటింది. 2002లో రెండో విడతగా సుమారు 10 కోట్ల 80 లక్షల డాలర్ల రుణం వచ్చింది. గట్ల మీద కందకాలు తవ్వారు, వాగులకు అడ్డంగా రాళ్ళకట్టలు వేశారు, మోళ్ళను సవరించి చిగుళ్ళు రానిచ్చారు. తమాషా ఏమిటంటే, ఊరివాళ్ళు కాపలా కాస్తే అడవి తిరిగి లేస్తుందని అందరూ ఆశ్చర్యపోతూ కనిపెట్టారు. 1871లో రెవెన్యూ బోర్డు చెప్పిందీ దాదాపు అదే.

కొన్నేళ్ళ కిందట గట్టు అవతల, ఖమ్మం వైపు, ఒక తండాకు వెళ్ళాను. ఊరి మొగదల సమితి బోర్డు తుప్పుపట్టి పక్కకు ఒరిగి ఉంది. సభ్యుల పేర్లలో రెండు మాత్రమే చదవడానికి వీలుగా మిగిలాయి. ఆ రెండింటిలో ఒకటి తనదేనని ఒక ముసలమ్మ చెప్పింది. "అడవి ఎలా ఉందమ్మా?" అన్నాను. "కూలి డబ్బులు వచ్చినన్నాళ్ళూ అడవి మీదే అన్నారు బాబూ. డబ్బులు ఆగిపోయినాక మళ్ళీ సర్కారుదయిపోయింది" అంది. కోపంగా అనలేదు. ఎండ బాగా ఉందని చెప్పినట్లు చెప్పింది. ఆ తరువాత, తాము నాటిన చెట్లు ఇప్పటికీ ఉన్నాయని గట్టు వైపు చెయ్యి చూపించింది. నిజంగానే ఉన్నాయి.

ఆమె మాటలో ఉన్నది ఫిర్యాదు కాదు, నిర్వచనం. పథకానికి ముగింపు తేదీ ఉంటుంది, చెట్టుకు ఉండదు. టేకు మాను దుంగకు ఎదగడానికి అరవై ఏళ్ళు. రుణం వయసు ఆరేళ్ళు, ఎనిమిదేళ్ళు. ఆరేళ్ళ డబ్బుతో అరవై ఏళ్ళ పని మొదలుపెడితే మిగిలేది తుప్పు బోర్డే.

మరి స్థిరమైన డబ్బు లేదా అంటే, ఉంది. పన్నెండో ఆర్థిక సంఘం 2005-10కి అడవుల పోషణకు రాష్ట్రాలకు 1,000 కోట్లు, పదమూడో సంఘం 2010-15కి 5,000 కోట్లు కేటాయించాయి. పద్నాలుగో సంఘం ఇంకో అడుగు వేసింది. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా లెక్కకట్టేటప్పుడు అడవి విస్తీర్ణానికి 7.5 శాతం తూకం ఇచ్చింది. పదిహేనో సంఘం దాన్ని 10 శాతం చేసింది. ఒక రాష్ట్రపు అడవి దేశమంతటికీ గాలినీ నీటినీ ఇస్తోంది కాబట్టి దేశం ఆ రాష్ట్రానికి బాకీ ఉందని ఒప్పుకోవడం అది. యూరప్ వాళ్ళు ఇంత సూటిగా ఒప్పుకోలేదు. కాని ఇందులో ఒక సందు ఉంది. అడవి పేరుతో వచ్చిన ఆ వాటాను అడవి మీదే ఖర్చుపెట్టాలన్న నిబంధన లేదు. అది రాష్ట్ర ఖజానాలో కలిసిపోతుంది. గట్టు దాకా వచ్చేసరికి ఎంత మిగులుతుందో గట్టుకే తెలియాలి.

ఇంకొకటి కాంపా నిధి. అటవీ భూమిని గనికో, ఆనకట్టకో, రోడ్డుకో ఇచ్చినప్పుడు పుచ్చుకొనేవారు పరిహారం కట్టాలి. గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు పట్టుబట్టడంతో 2002 నుంచి ఈ సొమ్ము పోగుపడింది. 2016లో చట్టం అయింది. 2019 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు 47,436 కోట్లు పంచింది. తెలంగాణకు సుమారు 3,110 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌కు సుమారు 1,734 కోట్లు వచ్చాయి. ఈ అంకెలు చూసి ఇటువాళ్ళు చిన్నబోవలసిన పని లేదు, అటువాళ్ళు పొంగిపోవలసిన పనీ లేదు. ఈ నిధి పుట్టేది అడవి పోయిన చోట. ఎక్కువ పోగొట్టుకున్నవారికి ఎక్కువ వస్తుంది. నిలుపుకున్న ముసలమ్మ తండాకు ఈ లెక్కలో రావలసింది సున్నా. నా దృష్టిలో మన అటవీ ఆర్థిక వ్యవస్థ మొత్తంలోని లోపం ఈ ఒక్క సున్నాలో ఉంది.

2014 తరువాత హద్దు తిరిగి వచ్చింది. నల్లమలలో 1983లో ఏర్పడిన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం రెండయింది. కృష్ణకు ఉత్తరాన ఉన్నది అమ్రాబాద్ పేరుతో తెలంగాణకు, దక్షిణాన ఉన్నది ఆంధ్రప్రదేశ్‌కు. నదిని ఈదే పులికి ఆ పంపకం తెలియదు. రెండు వైపుల అధికారులూ ఒకరి లెక్కలు ఒకరికి చెప్పుకుంటే తప్ప ఆ పులి ఒకటో రెండో కూడా తేలదు.

పులులు లేని మా గట్లకు కూడా ఇదే వర్తిస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన దృశ్యాలు మీరంతా చూసే ఉంటారు. ఆ ఏరు పుట్టేది మా దారిలోనే, మైలవరం వైపు గుట్టల్లో. ఆ రోజు కురిసిన వాన మామూలు వాన కాదు, ఎంత చిక్కని అడవైనా దాన్నంతా పట్టి ఆపేది కాదు. కాని ఎగువ గుట్టల మీద కందకం తవ్వడానికి, రాళ్ళకట్ట బాగు చేయడానికి అయ్యే ఖర్చులో దిగువ నగరం ఏనాడైనా పాలు పంచుకుందా? ఏరు పంచుకుంటుంది, బురద పంచుకుంటుంది, పద్దు మాత్రం పంచుకోదు.

ఇంత చరిత్రా తిరగేశాక నాకు తోచినది ఇది. యూరప్ దగ్గర ఉమ్మడి సంచి ఉంది, ఉమ్మడి చట్టం లేదు. మన దగ్గర ఉమ్మడి చట్టం ఉంది, సంచీ ఉంది. సంచి మూతి మాత్రం ఊరికి ఎడంగా ఉంది. నరికినందుకు పరిహారం ఇచ్చే దేశం, నరకనందుకు జీతం ఇవ్వడం నేర్చుకోవాలి. అదీ ఆరేళ్ళ పథకంగా కాదు, బడి పంతులు జీతంలాగా, నెలనెలా, హద్దుకు అటూ ఇటూ ఒకే లెక్కన. అలాంటి రోజు వస్తే ఆ తుప్పు బోర్డు మీద చెరిగిపోయిన పేర్లు మళ్ళీ రాయవచ్చు.

మా తాతగారి హాలీ రూపాయల్లో ఒకటి మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. బందెలదొడ్డిలో కట్టగా మిగిలినది. మీ ఇళ్ళలోనూ పాత భోషాణాల అడుగున పుల్లరి రసీదులో, అడవి పర్మిట్లో పడి ఉండవచ్చు. చిత్తుకాగితాలని పారేయకండి. ఎవరు ఎవరికి ఎంత కట్టారో తెలిపే సాక్ష్యం మన పక్షాన మిగిలింది వాటిలోనే.